కుంచె కొన, బ్రష్షు కొన

ఇట్లా రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గడప మీద కాదు, చాప మీదికి. నోట్లో నములుతున్నది మింగేసి మరీ వినండి. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో దేవక్క అనే నేతగత్తె ఉండేది. ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాది దాటిన కాలం. ఆ వీధిలో జనం చాలామటుకు వేపపుల్లతోనో బొగ్గుపొడితోనో పళ్లు తోముకునేవాళ్లు. దేవక్క మటుకు బ్రష్షుతో తోముకునేది. ఆ సంగతి వీధంతా తెలుసు, ఎందుకంటే ఆమె అరుగు మీద నిలబడి అందరికీ కనిపించేటట్టు తోముకునేది.

ఆ రోజు పొద్దున దేవక్క నేసిన పంచలు మడిచి చంకన పెట్టుకుని మద్దయ్య అంగడికి పోయింది. మద్దయ్య అంటే నూలిచ్చి బట్ట తీసుకునే మనిషి. ఆ వీధి మగ్గాల మీద ఎక్కువగా కనిపించేది ఆయన నూలే. ఆయనా చిన్నప్పుడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసినవాడే కాబట్టి బట్ట విషయంలో ఆయన కళ్లుగప్పడం ఎవరి వల్లా కాదు.

మద్దయ్య పంచను చెక్క పలక మీద పరిచి, బొడ్లోంచి ఇత్తడి మడత భూతద్దం తీసినాడు. అగ్గిపెట్టెలో పట్టేంత అద్దం. దాన్ని బట్ట మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, పెదవులు కదుపుతూ దారాలు లెక్కపెట్టుకున్నాడు. తల ఆడించినాడు. అద్దం మడిచి, పంచను రెండు చేతులా పట్టి వాకిలి వెలుతురుకు ఎత్తినాడు. ఎత్తినవాడు దించలేదు.

"దేవక్కా, ఇదేంది?"

అంచు పక్కన ఆవగింజంత మరక. ఎండిన టీ రంగు. కొంచెం దూరం పోతే ఇంకొకటి. పంచ పొడుగునా అట్లాంటివే, మల్లెపువ్వు లాంటి బట్ట మీద.

"నాకేం తెలుసన్నా. దించేటప్పుడు సూసుకోలేదు."

"నాకు తెలుసులే. ఆకు నములుతా నేసినావు, తుంపర్లు పడినాయి."

"ఆకు నేను ముట్టనన్నా! నా పెండ్లినాడు ఇచ్చిన తాంబూలం గూడా మా చెల్లెలు తాయమ్మ నోట్లో పెట్టినా."

అంగట్లో నూలు కోసం కాచుకుని ఉన్న నేతగాళ్లు నవ్వినారు. "దేవక్క నోరు మూసింది ఎప్పుడప్పా, ఆకు నమిలేదానికి?" అన్నాడొకడు.

దేవక్క పలక మీదికి వంగి నోరు తెరిచింది. "సూడు! యాడుంది ఆకు? నువ్వే సూసి సెప్పు!"

మద్దయ్య మొహం తిప్పుకున్నాడు. "మూసుకో తల్లీ. పొద్దున్నే నీ పండ్లు లెక్కపెట్టేదా నా పని?"

అని, ఆ పంచను మడవలేదు. అంగడి వాకిట్లో వెదురు దండెం ఉంటే దాని మీద వేసినాడు, మరకలు వీధి వైపు కనిపించేటట్టు. "ఉండనీ. ఆకు నమిలేవాళ్లు వస్తా పోతా సూసుకుంటారు" అన్నాడు. తరువాత కొత్త పడుగు నూలు ఆమె ముందుకు తోసినాడు. "ఇది తీసుకపో. ఈసారి తెల్లగా వస్తే సరి. ఒక్క మరక కనిపించినా నీ మగ్గానికి నా నూలు లేదు."

మద్దయ్య వద్దన్న మగ్గానికి ఇంకొకరు నూలిస్తారా? ఇవ్వరు. పనిలేని మగ్గం ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో దేవక్క పక్కింట్లో చూసింది. అక్కడ మగ్గం మీద గొంగళ్లు ఆరేసుకుంటున్నారు. ఆమె నూలు ఎత్తుకుని, దండెం మీది పంచను చూడకుండా, చూడకుండా ఉండలేక ఒకసారి చూసి, ఇంటికి వచ్చింది.

మరుసటి తెల్లవారుజామున వీధిలో పడుగు, అంటే బట్టలో నిలువుగా పోయే దారాలను, సాగదీసినారు. దేవక్క ఒక పక్క, ఆమె మొగుడు తిమ్మన్న ఇంకో పక్క. కొయ్యల మీద నూలు వీధి పొడుగునా పందిరి వేసినట్టు పరుచుకుంది. దాని మీద గంజి చల్లి, ఇద్దరూ కుంచె పట్టుకుని నడిచినారు.

ఆ కుంచె సంగతి చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. రెండు చేతులూ చాపి పట్టుకునేంత వెడల్పు. అడవి వేర్లు ఎండబెట్టి, చీల్చి, కుచ్చులు కుచ్చులుగా కట్టినది. తిమ్మన్న తాత కాలంనాటిది. అది నూలు మీద పోతుంటే దారానికీ దారానికీ మధ్య ఒక్కొక్క వేరూ దూరి, అతుక్కున్నవాటిని విడదీసి, లేచిన నూగును పండబెట్టి, గంజిని లోపలికి పంపి, ఒక్క పోగు తెంపకుండా బయటికి వచ్చేది. వేలాది దారాలు, ఒక్కటీ తెగదు. ఎన్నేండ్లుగా చూస్తున్నా దేవక్కకు ఆ క్షణంలో ఒళ్లు ఝల్లుమనేది.

కొత్త కుంచె కొరుకుతుంది అంటారు నేతవాళ్లు. కొత్తదాన్ని సన్నని నూలు మీద పెడితే దారాలు పుటపుట తెగుతాయి. అందుకని దాన్ని వేడి గంజిలో నానబెట్టి, బండ మీద రుద్ది, ముతక నూలు మీద ఏండ్ల తరబడి తిప్పుతారు. తండ్రి మచ్చిక చేసిన కుంచెను కొడుకు సన్నని నూలు మీద పెడతాడు. ఎంత ముసలిదైతే అంత మంచిది. దేవక్క ఇంటి కుంచెను వీధి వీధంతా అడిగి తీసుకుపోయేది, పాలిచ్చే ఆవును అడిగినంత మర్యాదగా. పని అయినాక కడిగి, నీడన ఆరబెట్టి, గోడకు మేకుకు తగిలించేవాళ్లు.

ఆ మేకు పక్కనే ఇంకో చిన్న మేకు. దానికి దేవక్క పళ్ల బ్రష్షు. పచ్చ పిడి. ఆదోనిలో ఉండే చెల్లెలు తాయమ్మ మూడు ఉగాదుల కిందట ఇచ్చినది. కొత్తలో అది చిగుళ్లను గుచ్చింది. దేవక్క బెదరలేదు. "కొత్తది గదా, కొరుకుతాది" అనుకుంది. దాన్ని కాగే గంజిలో ముంచి తీసింది. బట్టలుతికే బండ మీద అరిగేటట్టు రుద్దింది. పోనుపోను దాని కుచ్చులు పాపిడి తీసినట్టు అటు సగం, ఇటు సగం పడుకున్నాయి. "ఇప్పుడు దారికొచ్చింది" అని సంతోషపడింది. ఆమెను చూసి వీధిలో ఇంకొందరూ బ్రష్షు కొని, ఇట్లాగే కుంచె పక్కన మేకుకు తగిలించుకున్నారు. పళ్ల సందుల్లోకి పోవడం లేదనిపించిన రోజు ఇంకొంచెం అదిమి తోముకునేది. ఉమ్మిలో ఎరుపు కనిపిస్తే ఒంట్లో వేడి అనుకుని మజ్జిగ తాగేది.

ఆ రోజు పడుగు సగంలో ఉండగా తిమ్మన్న ఆగినాడు. "నిలబడు, నిలబడు. కుంచె కట్టు వదిలింది."

ఒక చివర తాడు తెగి, కొన్ని వేర్లు గంజి మీద రాలినాయి. తిమ్మన్న వాటిని ఒక్కొక్కటే ఏరి చెవి మీద పెట్టుకున్నాడు. వదులైన చోట తన గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా నడిచి, ఎట్లాగో పడుగు ముగించినారు.

"ఆదోనికి పోవల్ల. కరీం సాబు తప్ప దీన్ని ఇంకొకరు ముట్టకూడదు" అన్నాడు తిమ్మన్న.

ఆ పడుగును మగ్గానికెక్కించి, మర్నాడు దేవక్క నేతకు కూర్చుంది. పడుగులో అటూ ఇటూ అడ్డ దారం మోసే నాడెలో, నూలు చుట్టిన కొత్త కండె పెట్టింది. కండె నుంచి దారం నాడె పక్కనున్న చిన్న కంతలోంచి బయటికి రావాలి. దానికి నేతవాళ్లందరూ చేసేది ఒకటే: ఆ కంతకు పెదవులు ఆనించి లోపలికి పీలుస్తారు. దారం కొన చటుక్కున నాలుక మీదికి వస్తుంది. దాన్ని వేళ్లతో పట్టి లాగి నేత మొదలుపెడతారు. కండె మారినప్పుడల్లా ఇంతే. ఇది ఊపిరి తీసుకున్నట్టు జరిగే పని, ఎవరూ చూసుకోరు.

ఆ రోజు దేవక్క చూసుకుంది. మద్దయ్య దండెం కళ్లలో ఆడుతోంది కాబట్టి చూసుకుంది. పెదవుల మధ్య నుంచి లాగిన తెల్లని దారం కొన, లేత గులాబి రంగులో ఉంది.

ఆమె ఆ దారాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. తరువాత కేక వేసింది. "యేమయ్యా! ఇట్ల రా. ఇది సూడు."

తిమ్మన్న వచ్చి వంగి చూసినాడు. "మిల్లోళ్లు రంగు నూలు కలిపినారా ఏంది?"

"మిల్లు కాదు. నా నోరు."

తిమ్మన్న గొంతు తగ్గించినాడు. "అయితే నాకు తెలీకుండా నిజంగానే ఆకు..."

చేతిలో ఉన్న ఖాళీ కండె పోయి తిమ్మన్న భుజానికి తగిలింది. "రక్తం! కండ్లు ఉండాయా నీకు?" అని ఆమె నోరు తెరిచింది. మద్దయ్య చూడని నోటిని తిమ్మన్న వెలుతురుకు తిప్పి చూసినాడు. చిగుళ్లు నానిన శనగల మాదిరి ఉబ్బి, పళ్ల అంచున ఎర్రటి గీతలు. ఆయన నవ్వు పోయింది. "ఎన్నినాళ్లాయ ఇది?" అన్నాడు.

"మజ్జిగ తాగుతాండాను గదా అని..."

ఆ ఎర్ర కొన కత్తిరించి పారేసి, ఆమె మగ్గం దిగింది. ఈ నోటితో ఇంకొక్క కండె పీల్చనని చెప్పింది. కుంచె ఎట్లాగూ ఆదోనికి పోవాలి. చెల్లెలికి తెలిసిన మందేదైనా ఉంటుందేమో అడగొచ్చు. కుంచెను, రాలిన వేర్లను పాత చీరలో చుట్టి, రాత్రి అక్కడే ఉండాల్సి వస్తుందని బ్రష్షు కూడా మూటలో పెట్టుకుని బస్సెక్కింది.

ఒళ్లో చీర చుట్టిన కుంచెను చూసి కండక్టరు అన్నాడు: "ఆ బిడ్డకు టికెట్ తీసినావా అక్కా?"

"ఈ బిడ్డ మీ తాత కంటే పెద్దది. లేచి సీటియ్యి ముందు" అంది దేవక్క. బస్సంతా నవ్వింది. ఆమె మటుకు పెదవులు మూసుకునే నవ్వింది.

కరీం సాబు కొట్టు ఆదోనిలో దూది మిల్లు వెనక సందులో ఉండేది. మిల్లులోంచి ఎగిరి వచ్చిన దూది ఆ సందులో గోడల మీద, మేకల వీపుల మీద, మనుషుల కనుబొమల మీద వాలి ఉండేది. కరీం సాబు మిల్లు బ్రష్షులు, సున్నం కుంచెలు, నేతవాళ్ల కుంచెలు అన్నీ కట్టేవాడు. భార్య చాంద్ బీ పక్కన కూర్చుని వేర్లను పిడికెడు పిడికెడు తీసి, చెక్క మీద తట్టి కొనలు సమం చేసేది. దేవక్క వెంట తాయమ్మ కూడా వచ్చి, అడగకుండానే ముక్కాలి లాక్కుని కూర్చుంది.

కరీం సాబు చీర విప్పినాడు. కుంచెను తడుముతూ పోయిన బొటనవేలు ఒక ముడి దగ్గర ఆగింది.

"ఇది మా అబ్బా, మా నాయన కట్టిన ముడి" అన్నాడు. "ఎడమచేతి మనిషి ఆయన. ఈ ఊర్లో ఇంకెవరికీ ఇట్ల రాదు." కాసేపు ఆ ముడి మీద నుంచి వేలు తీయలేదు.

రాలిన వేర్లలో ఒకటి తీసుకుని, దూది కొనేవాళ్లు వాడే చిన్న భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. వేరులో పగుళ్లున్నాయేమో చూసుకోవడం ఆయన అలవాటు. చూసి, అద్దమూ వేరూ రెండూ దేవక్క చేతికిచ్చినాడు. "సూడమ్మా. ఇన్నేండ్లు పట్టుకుండావు గదా, ఒకసారి సూడు."

దేవక్క వెలుతురుకు తిరిగి చూసింది. మొదట మసక. అద్దం కొంచెం దగ్గరికి తెచ్చింది. అప్పుడు కనిపించింది.

వేరు కొన గుండ్రంగా ఉంది. నున్నగా, నీళ్లలో దొర్లి దొర్లి అరిగిన తుంగభద్ర గులకరాయి మాదిరి, తేనె రంగులో మెరుస్తోంది. గీత లేదు, చీలిక లేదు. ఎవరు చెక్కినారు దీన్ని? ఎవరూ చెక్కలేదు. తన ముందు తరాలవాళ్లు ప్రతి తెల్లవారుజామునా నడిచిన నడక చెక్కింది. దాని మీదుగా పోయిన నూలు చెక్కింది. పట్టుకుంటే తెగే దారం వేరును ఇంత నున్నగా చేసిందా! ఇన్నాళ్లూ కుంచె దారాన్ని సరిచేస్తోందనుకుంది. దారమూ కుంచెను సరిచేస్తూ వచ్చింది. అద్దం దించి, చేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"సాబూ, నా దగ్గర ఇంకొకటుంది. ఇది గూడా బాగా ముసలిది, మచ్చికైనది. దీని కొన గూడా ఇట్లే ఉంటాదేమో సూడల్ల" అని మూటలోంచి పచ్చ బ్రష్షు తీసింది.

తాయమ్మ ముక్కాలి మీద నుంచి లేచింది. "అక్కా! అది నేనిచ్చిందే గదా! ఇంకా వాడుతాండావా దాన్ని? అది పోయి చానా దినాలాయ!"

"నువ్వు ఊరికే ఉండే. నీకేం తెలుసు, నేత మానేసినదానివి."

కరీం సాబు అద్దం పెట్టుకుని చూసినాడు. అద్దాన్ని చాంద్ బీకి ఇచ్చినాడు. ఆమె చూసి "యా అల్లా" అని అద్దం దించేసింది. దేవక్క లాక్కుని చూసింది.

గాలివానకు పడిపోయిన జొన్నచేను. ఒక్క కుచ్చూ నిలబడి లేదు. ఒక్కొక్క పోగు కొన చీలి, చీలినది మళ్లీ చీలి, కొన్ని కొక్కేల మాదిరి వంకర తిరిగి, కొన్ని నలిగి నాలుకలు చాచినట్టు ఉన్నాయి. వాటి మొదళ్లలో బావి మెట్ల మీది పాకుడు మాదిరి ఏదో పట్టి ఉంది. రోజూ పొద్దున ఇదా తన నోట్లోకి పోయింది?

"రెండూ ముసలివే గదా సాబూ" అంది, చిన్నపిల్ల గొంతుతో. "రెండింటినీ నేను ఒకే మాదిరి సాకినాను."

"నాకూ అర్థం కాలేదమ్మా" అన్నాడు కరీం సాబు. "ఉండు, సూద్దాం."

ఆయన వేరును నీళ్లలో ముంచి, వంచి వదిలినాడు. అది నెమ్మదిగా లేచి నిటారుగా నిలబడింది. బ్రష్షు పోగు ఒకటి పీకి, వంచి వదిలినాడు. అది వంగినచోటే ఉండిపోయింది. మళ్లీ ముంచినాడు, మళ్లీ వంచినాడు. అందరూ ఆ రెండు పోగుల మీదికి తలలు వంచినారు.

"ఇది నీళ్లు తాగుతాది, ఉబ్బుతాది, మళ్లీ లేస్తాది" అన్నాడు వేరును చూపించి. "అది తాగదు. వేడి గంజిలో ముంచితే నడుము ఇరిగి లేవలేదు. సూడమ్మా, యే కుంచె అయినా పని చేసేది కొన. కొన నిలబడితే సందులోకి పోతాది. నీ బ్రష్షులో కొనలు పండుకున్నాయి, నడుములు రుద్దుతాండాయి. మరి సందులో ఉన్నది యాడ పోతాది?"

"మీది తేవాల్నా?" అని చాంద్ బీ లోపలికి పోయి కరీం సాబు బ్రష్షు తెచ్చింది. ఆయనకు గట్టి బ్రష్షంటే ఇష్టం, గోడలకు సున్నం కొట్టినంత బలంగా తోముకుంటాడట. ఆయన నవ్వుతూనే అద్దం కింద పెట్టినాడు. చూసి నవ్వు ఆపేసినాడు.

దాని కొనలు నిలబడే ఉన్నాయి. కానీ కత్తితో ఏటవాలుగా కోసినట్టు, అంచులు వాడిగా. దేవక్కకు జొన్న కోసిన చేలో మిగిలిన కొయ్యలు గుర్తొచ్చినాయి. ఆ చేలో చెప్పుల్లేకుండా నడిచిన కాలికి తెలుసు అదేమిటో.

"నా నోట్లో గూడా రక్తం వస్తాది అప్పుడప్పుడు" అన్నాడు కరీం సాబు, భార్య వైపు చూడకుండా. "గట్టిగా తోమితే వస్తాదిలే అనుకుంటి."

"కుంచెలు కట్టే మనిషి ఇంట్లో కుంచె సరిగ లేదు!" అంది చాంద్ బీ.

తాయమ్మ ఊరుకుంటుందా? బజారుకు పోయి మెత్తని బ్రష్షు కొత్తది తెచ్చింది. అది కూడా అద్దం కిందికి పోయింది. పోగులు సన్నవి, కుచ్చుకూ కుచ్చుకూ మధ్య పడుగులో ఉన్నట్టే సందు. వాటి కొనలు గుండ్రం. ఆ వేరు కొనంత నున్నగా కాదు గానీ, గుండ్రమే. దేవక్క ఆ అద్దాన్ని వేరు మీదికి, బ్రష్షు మీదికి, మళ్లీ వేరు మీదికి మార్చి మార్చి చూసింది. తన ఇంట్లో తరాలు నడిచి చేసిన గుండ్రాన్ని ఎవరో, యాడనో, ఇంత చిన్న కొనకు మొదటినాడే చేసి పంపినారు. కంటికి కనిపించని పని. కనిపించకపోయినా చేసినారు. ఆ చేసిన చేతులు ఎట్లాంటివో అనుకుంది.

"అయితే ఇది మాత్రం ఎన్నాళ్లుంటాది సాబూ?"

జవాబు చాంద్ బీ చెప్పింది. ఆమె మిస్వాక్ పుల్లతో తోముకునే మనిషి. "మా పుల్ల కొన నలిగిందంటే కోసి పారేసి కొత్త కొన తీస్తాం అక్కా. నలిగిన కొనతో ఎవరు తోముకుంటారు?"

దేవక్క పచ్చ బ్రష్షు వైపు చూసింది. వేపపుల్ల వాడిన కాలంలో తానూ అంతే గదా! పొద్దున విరిచింది, నమిలింది, పారేసింది. రోజుకో కొత్త కొన. బ్రష్షు చేతికి రాగానే దాన్ని పుల్ల పక్కన పెట్టకుండా కుంచె పక్కన తగిలించింది.

కట్టు ముగిసి కుంచె చేతికిస్తూ కరీం సాబు అడిగినాడు: "పడుగు మీద దీన్ని అదుముతావా?"

"అదిమితే దారం తెగదా?"

"మరి నోట్లో?"

దేవక్క పచ్చ బ్రష్షును మళ్లీ మూటలో పెట్టుకుంది. కుంచెను చీరలో చుట్టుకుంది.

కొత్త బ్రష్షుతో మొదటిరోజు తోముకుంటే రక్తం ఆగిందనుకున్నారా? ఆగలేదు. రెండోరోజూ ఉమ్మి ఎర్రగానే ఉంది. ఎదురుగా మగ్గం మీద తెల్లని పడుగు. మద్దయ్య బట్ట అడిగే రోజు దగ్గరికి వస్తోంది. దేవక్క చీపురుపుల్ల పెట్టి దారాన్ని కంతలోంచి లాగబోయింది. దారం పీచు లేచింది. సూది పెట్టి చూసింది. ఒక కండె ఎక్కేసరికి సగం పొద్దు పోయింది.

తిమ్మన్న ఒక ముక్కాలి తెచ్చి మగ్గం పక్కన వేసుకున్నాడు. "తే ఇట్ల" అన్నాడు.

ఆమె నేస్తుంటే ఆయన ఇంకో నాడెలో కండె పెట్టి, కంతకు నోరు పెట్టి పీల్చి సిద్ధంగా ఉంచేవాడు. తిమ్మన్నకు ముందుపన్ను ఒకటి లేదు. ఆయన పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది. వీధిలో పోయేవాళ్లు ఆగి, "దేవక్కా, మగ్గానికి పిట్టను కట్టేసినావా?" అని అడిగేవాళ్లు. "పిట్ట కాదప్పా, పాత కోడిపుంజు" అని ఆమె లోపల నుంచి జవాబు చెప్పేది. తిమ్మన్న ఇంకా గట్టిగా ఈల వేసేవాడు. అట్లా ఆయన బయటి పని, పొలంపని అన్నీ మాని ఆ ముక్కాలి మీదే కూర్చున్నాడు. ఆమె పొద్దున, మాపున కుంచె నడిపినంత నెమ్మదిగా, అదమకుండా, ఒక్కొక్క సందులోకి కొన పోయిందా లేదా అని చూసుకుంటూ తోముకుంది.

ఒక పొద్దున ఆమె ఉమ్మి తెల్లగా పడింది. నమ్మలేక మళ్లీ ఉమ్మింది. తిమ్మన్నను పిలిచి చూపించింది. "ఉమ్మిని సూడమని పిలిచే పెండ్లాం ఈ ఎమ్మిగనూరులో నాకొక్కనికే" అన్నాడు ఆయన. అన్నాడు గానీ వంగి చూసినాడు. ఆ రోజు నాడెను ఆమే పీల్చింది. ఆయన ముక్కాలి తీయకుండా సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాడు.

పంచలు దించి మద్దయ్య అంగడికి తీసుకుపోయినారు. వాకిట్లో ఆ దండెం, దాని మీద ఆ మరకల పంచ అట్లాగే ఉంది, దుమ్ము పట్టి. మద్దయ్య కొత్త పంచను పరిచినాడు, అద్దం పెట్టినాడు, వెలుతురుకు ఎత్తినాడు. మొదటి నుంచి చివర దాకా చూసినాడు. మంచు పడినట్టుంది. దించి, సంతోషంగానే అన్నాడు: "సూసినావా? ఆకు మానేస్తే ఎంత తెల్లగా వచ్చిందో!"

అంగట్లోవాళ్లు మళ్లీ నవ్వినారు. తిమ్మన్న ముందుకు రాబోయినాడు. దేవక్క మోచేత్తో ఆపింది. నూలు దొరికింది, ఇంటికి పోవచ్చు. ఆమె పోలేదు. దండెం దగ్గరికి పోయి ఆ పంచ తీసి, దుమ్ము దులిపి, పలక మీద పరిచింది.

"అన్నా, నీ అద్దం ఒకసారి ఈ మరక మీద పెట్టు."

"మరకను సూసేదానికి అద్దం ఎందుకు? నా కండ్లు బాగనే ఉండాయి."

"మరకను సూడొద్దు. దారాన్ని సూడు."

మద్దయ్య నవ్వుతూ వంగినాడు. అద్దం పెట్టి ఒక కన్ను మూసినాడు. నవ్వు పెదవుల మీదే ఉంది కొంతసేపు, మరిచిపోయినట్టు. తరువాత అది లేదు. ఆయన అద్దాన్ని పక్క మరక మీదికి జరిపినాడు. అక్కడి నుంచి ఇంకొక దాని మీదికి. నేతగాడి కొడుక్కు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆకు తుంపర పైనుంచి పడితే నిలువు దారమూ తడవాలి, అడ్డ దారమూ తడవాలి. ఇక్కడ నిలువుగా పోయే పడుగు దారాలన్నీ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి కిందగా, పైగా దూరిపోతున్న ఒక్క అడ్డ దారానికే ఆ టీ రంగు పట్టి ఉంది. రంగు బట్ట మీద పడలేదు. నేయకముందే దారంలో ఉంది. ప్రతిసారీ కండె మొదలైన చోటే ఉంది.

మద్దయ్య తల ఎత్తకుండానే అడిగినాడు. "నోటిదా?"

"నోటిదే. రక్తం."

"నోరు తెరిచి సూపిస్తివి ఆ పొద్దు."

"సూపిస్తి."

దేవక్క కొంగు ముడి విప్పి పచ్చ బ్రష్షు తీసి పంచ మీద పెట్టింది. "ఇది గూడా సూడన్నా. కుంచె మాదిరి సాకినాను, ముసలిదైతే మంచిదనుకుని." ఆయన అద్దాన్ని దాని మీదికి జరిపినాడు. చాలాసేపు చూసినాడు. చూస్తుండగా ఆయన నాలుక నోట్లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చిగుళ్ల మీదుగా పోవడం బుగ్గ పైనుంచి అందరికీ కనిపించింది. ఆయన లేచి వాకిట్లోకి పోయి మురుగు మోరీలో ఉమ్మినాడు. ఉమ్మినదాన్ని నిలబడి చూసుకున్నాడు.

తిరిగి వచ్చినాక పలక వెనక కూర్చోలేదు. నవ్విన నేతగాళ్ల వైపు తిరిగి అన్నాడు, అందరికీ వినబడేటట్టు: "అది ఆకు మరక కాదప్పా. దేవక్క ఆకు నమలదు. నేను సూడకుండా అన్నాను."

ఆ పంచను తన చేత్తోనే మడిచినాడు. అంచుకు అంచు కలిపి, మరకలు లోపలికి పోయేటట్టు, పెళ్లి చీరను మడిచినంత పొందికగా. మళ్లీ దండెం మీద వేయలేదు. తరువాత ఇత్తడి అద్దాన్ని దేవక్క ముందుకు జరిపి, "నీ కుంచె కొన ఎట్లుంటాదో సూపిస్తావా?" అని అడిగినాడు. ఆ రోజు చెవి మీది నుంచి తీసి తలపాగాలో దోపుకుని మరిచిపోయిన వేరు ఒకటి తిమ్మన్న దగ్గర ఉండనే ఉంది. మద్దయ్య దాన్ని అద్దం కింద పెట్టి వంగినాడు. అంగట్లోవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి ఆయన చుట్టూ చేరినారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు "అబ్బా" అన్నారు.

ఆ నెలలో ఆ వీధిలో కుంచెల పక్కనున్న చిన్న మేకులన్నీ ఖాళీ అయినాయి, ముసలి బ్రష్షులన్నీ పారేసినారు. కుంచెలు మటుకు ఉన్నచోటే ఉన్నాయి.

ఇంతే నాయనా. రేపు పొద్దున మీ బ్రష్షు చేతికి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం దాని కొనలు వెలుతురుకు పెట్టి చూడండి, నిలబడి ఉన్నాయో పడుకున్నాయో. చూసినప్పుడు దేవక్కను తలుచుకోండి, ఈల వేసిన తిమ్మన్నను తలుచుకోండి. మీకు పిల్లలు పుట్టి, వాళ్లకు పళ్లు వచ్చినాక, వాళ్లను ఇట్లాగే దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని ఇది చెప్పండి. ఎవరి మీదైనా మరక ఉందని నలుగురూ నవ్వుతుంటే, వంగి దారాన్ని చూడమని కూడా చెప్పండి.